రన్నింగ్ అని చెప్పి మాయమైన వర్కర్: ఇంజిన్ ఎంతసేపు ఎదురుచూడాలి?

కిటికీసీటు

అందరికీ నమస్కారం. వారం నుంచి ఒక చిక్కు. లాగ్‌లు చూసి చూసి కళ్లు లాగేస్తున్నాయి, ఇక మీ దగ్గరకి వచ్చాను.

మేం వాడేది టాస్క్‌ఫ్లో అనే పైథాన్ లైబ్రరీలో ఉన్న వర్కర్ ఆధారిత ఇంజిన్. ఇంజిన్ పనులు (టాస్క్‌లు) పంచుతుంది, వర్కర్లనే ప్రోగ్రాంలు వాటిని చేసిపెడతాయి. మధ్యలో మెసేజ్‌లు క్యూలో పెట్టి చేరవేసే బ్రోకర్, రాబిట్‌ఎంక్యూ. ఇంజిన్ ఒక మెషీన్‌లో, వర్కర్లు ఆరు కంటైనర్లలో. పని ఏమిటంటే వీడియో ఫైళ్లు కుదించడం. చిన్న ఫైలైతే 2 నిమిషాల్లో అయిపోతుంది, పెద్దదైతే 3 గంటలు కూడా పడుతుంది.

ఉన్నట్టుండి ఏదో ఒక టాస్క్ రన్నింగ్ స్థితిలో అలాగే ఉండిపోతోంది. ఎర్రర్ రాదు, టైమౌట్ కాదు. వర్కర్‌లోకి వెళ్లి చూస్తే ఆ ప్రాసెసే లేదు. క్యూ చూస్తే ఖాళీ. అంటే మెసేజ్ క్యూలోనూ లేదు, వర్కర్ చేతిలోనూ లేదు. ఇంజిన్ మాత్రం తెల్లవార్లూ దాని కోసం కూర్చునే ఉంది. వారంలో నాలుగుసార్లు ఇలా జరిగింది. 60 సెకన్ల టైమౌట్ డిఫాల్ట్‌గా ఉంటుందని చదివాను. అది ఎందుకు పనిచేయడం లేదు?

క్యూలోనాలుగోవాడు

ఆ 60ని 600 చేసి చూడు బ్రో. పెద్ద ఫైళ్లకి 60 సెకన్లు ఏం సరిపోతాయి?

పాతకీబోర్డు

600 చేసినా 6000 చేసినా లాభం ఉండదండీ. ఆ టైమౌట్ చూసేది వేరే దాన్ని.

మెసేజ్ దారి ఒకసారి చూడండి. ఇంజిన్ రిక్వెస్ట్ తయారుచేసి, ఆ రకం పని చేయగల వర్కర్ల టాపిక్‌కి, అంటే వాళ్లు వినే క్యూకి, పంపుతుంది. అప్పటికి దాని స్థితి పెండింగ్. వర్కర్ మెసేజ్ అందుకుని, ఏ టాస్క్ నడపాలో వెతుక్కుని, దొరికితే "రన్నింగ్" అని జవాబు పంపుతుంది. పని అయ్యాక సక్సెస్ గానీ ఫెయిల్యూర్ గానీ పంపుతుంది. మధ్యలో ప్రోగ్రెస్ కబుర్లు పంపినా పంపవచ్చు.

మీరు చదివిన 60 సెకన్లు ఆ మొదటి "రన్నింగ్" వచ్చేవరకే. ఒప్పుకునే వర్కర్ ఎవరూ దొరకకపోతే అప్పుడు టైమౌట్ అవుతుంది. ఒక్కసారి రన్నింగ్ అన్నాక ఇంజిన్ ఫలితం కోసం హద్దు లేకుండా ఎదురుచూస్తుంది. ఇది బగ్ కాదు, ఆ లైబ్రరీ పత్రాల్లోనే పరిమితి అని రాసుకున్నారు. పని ఎంతసేపు పడుతుందో ఇంజిన్‌కి తెలియదు కాబట్టి, ఎప్పుడు ఆశ వదులుకోవాలో కూడా తెలియదు.

ఇక మెసేజ్ ఎక్కడికి పోయింది అన్నారు. ఆ వర్కర్ మెసేజ్ చేతికి రాగానే బ్రోకర్‌కి "అందింది" అని ఆక్ ఇచ్చేస్తుంది, ఆ తర్వాతే పని మొదలుపెడుతుంది. ఆక్ వెళ్లిన క్షణంలో బ్రోకర్ దాన్ని చెరిపేస్తుంది. ఆ తర్వాత వర్కర్ చచ్చిపోతే ఆ పని గురించి తెలిసినవాళ్లు లోకంలో ఒక్క ఇంజినే. దానికేమో వర్కర్ పోయిన సంగతి తెలియదు.

కిటికీసీటు

ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు, ధన్యవాదాలు. అయితే మందు కూడా తెలిసిపోయినట్టేగా? పని అయ్యాకే ఆక్ ఇచ్చేలా మార్చేస్తే సరి. వర్కర్ మధ్యలో పోతే మెసేజ్ తిరిగి క్యూలోకి వచ్చేస్తుంది.

లాగ్‌చదివేవాడు

ఆగు తమ్ముడూ, నేను ఆ దారిలోనే వెళ్లి దెబ్బతిన్నాను.

మాది సెలరీ, ఇలా పనులు పంచే ఇంకో లైబ్రరీ. బ్రోకర్ రాబిట్‌ఎంక్యూనే. ఆలస్యంగా ఆక్ ఇచ్చే సెట్టింగ్ పెట్టాం. చిన్న పనులన్నీ బంగారంలా నడిచాయి. చాలా గంటల పని ఒకటి వచ్చింది. సరిగ్గా అరగంట దాటాక బ్రోకర్‌తో మాట్లాడే ఛానెల్ మూసుకుపోయింది, మెసేజ్ వెనక్కి క్యూలోకి వెళ్లి ఇంకో వర్కర్‌కి చేరింది. ఆక్ కోసం రాబిట్‌ఎంక్యూ 30 నిమిషాలే ఆగుతుంది, అది డిఫాల్ట్. మొదటి వర్కర్ ఇంకా బతికే ఉంది, పని చేస్తూనే ఉంది. రెండోది అదే పని మొదటినుంచి మొదలుపెట్టింది. ఇంకో అరగంటకి మూడోది. మధ్యాహ్నానికి వర్కర్లన్నీ ఒకే ఫైలు మీద! మాకు కనపడిందల్లా సీపీయూ గ్రాఫ్ నెత్తికెక్కడం. ఆ గడువు సెట్టింగ్‌లో పెంచుకోవచ్చనుకో, కానీ అలాంటిది ఒకటుందని ముందు తెలియాలిగా.

అదే సెలరీకి బ్రోకర్‌గా రెడిస్ పెట్టినా ఇదే కథ, గడువు మాత్రం గంట. అమెజాన్ క్యూ సర్వీస్ ఎస్‌క్యూఎస్ అయితే డిఫాల్ట్ 30 సెకన్లే, ఎంత పొడిగించినా 12 గంటలకి మించదు. పేర్లు వేరు, సంగతి ఒకటే: నువ్వు పలకకపోతే ఎంతసేపటికి పోయావనుకోవాలి?

ఇంకో తిరకాసు. సెలరీలో ఆలస్యపు ఆక్ పెట్టినా, పని చేస్తున్న ప్రాసెస్‌ని ఎవరైనా కిల్ చేస్తే ఆక్ ఇచ్చేస్తుంది. మెమరీ అంతా మింగేసే పని మళ్లీ మళ్లీ తిరగకూడదని అలా పెట్టారు. తిరిగి క్యూలోకి రావాలంటే వర్కర్ పోతే తిప్పికొట్టమనే వేరే సెట్టింగ్ ఉంది. అది పెట్టకుండా "ఆలస్యపు ఆక్ ఉందిగా" అని నిద్రపోయేవాళ్లని చాలామందిని చూశాను. అద్దంలో కూడా.

సందేహాలరావు

చిన్న సందేహం, తిట్టకండి. రాబిట్‌ఎంక్యూకి హార్ట్‌బీట్ అని, "ఉన్నాను" అని అప్పుడప్పుడు పంపుకునే సంకేతం, ఇప్పటికే ఉంది కదా, గడువు 60 సెకన్లు. వర్కర్ పోతే బ్రోకర్‌కి తెలిసిపోతుంది. మళ్లీ మనం విడిగా చూసుకోవడం ఎందుకు?

పాతకీబోర్డు

తిట్టాల్సిన ప్రశ్న కాదండీ, అందరూ జారిపడే మెట్టు ఇదే. ఆ హార్ట్‌బీట్ కనెక్షన్‌ది, పనిది కాదు. టీసీపీ తీగ రెండు చివర్లా మనుషులున్నారా లేదా అన్నంతవరకే చెబుతుంది. కనెక్షన్ పోయిందని బ్రోకర్‌కి తెలిసినా, కిటికీసీటు గారి కేసులో ఆక్ అప్పటికే వెళ్లిపోయింది. తిరిగి పంపడానికి బ్రోకర్ దగ్గర ఏమీ లేదు, ఇంజిన్‌కి చెప్పే బాధ్యతా దానికి లేదు.

నిద్రలేనిరాత్రి

నేను ఇలాంటి వ్యవస్థ మూడేళ్లుగా నడుపుతున్నాను. పేరు చూస్తే అర్థమవుతుందిగా.

మాకు నిలబడిన పద్ధతి లీజు. ఇంజిన్ పనిని వర్కర్‌కి ఇచ్చేయదు, కొంతసేపటికి అద్దెకిస్తుంది. వర్కర్ 15 సెకన్లకోసారి "ఇంకా చేస్తున్నాను" అని కబురు పంపుతుంది. ప్రతి కబురుతో లీజు ఇంకో 60 సెకన్లు పెరుగుతుంది. అంటే వరసగా మూడు కబుర్లు దారిలో పోయినా కంగారు లేదు, నాలుగోది కూడా రాకపోతే పని వెనక్కి తీసుకుంటాం. ఈ అంకెలు వేదం కాదు. చనిపోయిన వర్కర్‌ని ఎంత తొందరగా గుర్తించాలి, బతికున్నదాన్ని పొరపాటున ఎన్నిసార్లు చంపినా సర్దుకోగలం, ఈ రెండింటి బేరం అది. తక్కువ పెడితే నుయ్యి, ఎక్కువ పెడితే గొయ్యి.

టైమౌట్‌కీ దీనికీ తేడా చూడండి. 2 నిమిషాల పనికీ 3 గంటల పనికీ ఒకే టైమౌట్ పెట్టలేం. లీజుకి పని నిడివితో సంబంధమే లేదు.

ఇప్పుడు మేం చేసిన తప్పు. మొదట్లో హార్ట్‌బీట్‌కి విడిగా ఒక థ్రెడ్ పెట్టాం. ఒక రోజు వీడియో ప్రోగ్రాం పాడైన ఫైలు దగ్గర ఇరుక్కుని కదలకుండా కూర్చుంది. హార్ట్‌బీట్ థ్రెడ్ మాత్రం హాయిగా "ఉన్నాను, ఉన్నాను" అంటూనే ఉంది. పదకొండు గంటలు! ఊపిరి ఆడుతోంది, మనిషి లేడు.

తర్వాత కబురు నిజమైన పనికి కట్టేశాం. ఎన్ని ఫ్రేములు అయ్యాయో అంకె పంపాలి. ఆ అంకె పది నిమిషాలు కదలకపోతే, హార్ట్‌బీట్ వస్తున్నా సరే పని వెనక్కి. మీ టాస్క్‌ఫ్లోలో వర్కర్ ప్రోగ్రెస్ కబుర్లు ఇంజిన్‌కి పంపుతుంది కదా, దాన్నే ఇలా వాడుకోవచ్చు.

ఇంకొకటి మర్చిపోయా. లీజు గడువు లెక్కపెట్టేది ఇంజిన్ గడియారమే. వర్కర్ మెసేజ్‌లో రాసిన సమయాన్ని నమ్మవద్దు, మెషీన్ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవవు. కబురు చేతికందిన క్షణం నుంచి లెక్క, అదీ వెనక్కి జరగని మోనోటానిక్ గడియారంతో.

క్యూలోనాలుగోవాడు

ఇంత తతంగం ఎందుకో నాకు అర్థం కాదు. ఆరు వర్కర్లకి బ్రోకరే దండగ. గోటితో పోయేదానికి గొడ్డలి! పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టండి. 9.5 వెర్షన్ నుంచి స్కిప్ లాక్డ్ ఉంది, ఒకడు పట్టుకున్న వరసని ఇంకొకడు దాటేసి తర్వాతది తీసుకుంటాడు. అదే టేబుల్‌లో లీజు గడువు ఒక కాలమ్. మెసేజ్ పోవడం, ఆక్ పోవడం, ఈ గొడవలే ఉండవు.

లాగ్‌చదివేవాడు

మెసేజ్ పోదు, నిజమే. వర్కర్ పోదా? ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టుకుని 3 గంటలు లాక్ పట్టుకుంటావా? అప్పుడు పాత వరసల్ని ఊడ్చే వాక్యూమ్ ముందుకి కదలదు, డేటాబేస్ ఉబ్బుతుంది. లాక్ వదిలేసి లీజు కాలమ్ రాసుకుంటే నిద్రలేనిరాత్రి గారు చెప్పినదే మళ్లీ చేసినట్టు.

పాతకీబోర్డు

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆరు వర్కర్లకి టేబుల్ చాలు, నేనైనా అక్కడే మొదలుపెడతాను. కానీ కిటికీసీటు గారికి ఇప్పటికే నడుస్తున్న వ్యవస్థ ఉంది, దాన్ని పీకమని సలహా ఇవ్వడం మనకి తేలిక, చేసేది ఆయన. పైగా వర్కర్లు వేరే నెట్‌వర్క్‌లో ఉంటే అందరికీ డేటాబేస్ పాస్‌వర్డ్ ఇవ్వడం నాకు నచ్చదు.

కిటికీసీటు

మూడు రోజుల తర్వాత వస్తున్నాను. శుభవార్త ఒకటి, చెడ్డవార్త ఒకటి.

లీజు పెట్టాను. ఇంజిన్ లోపల చెయ్యి పెట్టకుండా పక్కన ఒక చిన్న కాపలా ప్రాసెస్ రాశాను. ప్రోగ్రెస్ కబుర్లు చూస్తుంటుంది. 60 సెకన్లు మౌనంగా ఉంటే ఆ ఫ్లోని (టాస్క్‌ల వరసని) ఆపి, డేటాబేస్‌లో దాచిన స్థితి నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. రన్నింగ్‌లో ఇరుక్కోవడం పోయింది.

చెడ్డవార్త: నిన్న రాత్రి రెండు నిమిషాలు నెట్‌వర్క్ తెగింది. మూడో వర్కర్ పోయిందనుకుని పనిని ఐదో దానికి ఇచ్చాం. మూడోది పోలేదు! నెట్‌వర్క్ వచ్చాక తన పని తాను చేసుకుంటూ పోయింది. రెండూ ఒకే పేరుతో ఒకే చోట ఫైలు రాశాయి. సగం ఒకరిది, సగం ఒకరిది. ఆ వీడియో తెరిస్తే ఆకుపచ్చ గళ్లు. ఇంకా ఘోరం, మూడోది పంపిన సక్సెస్ చూసి ఇంజిన్ పని అయిపోయిందని రాసేసుకుంది.

నిద్రలేనిరాత్రి

ఇది వస్తుందని ముందే చెప్పాల్సింది, నా తప్పే. లీజు పెట్టిన ప్రతివాళ్లకీ రెండో వారంలో జరిగేది ఇదే, మీకు మూడో రోజే వచ్చింది.

ప్రతి రిక్వెస్ట్‌లో టాస్క్ నంబర్‌తో పాటు ప్రయత్నం నంబర్ కూడా పంపండి. మొదటిసారి 1, వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తే 2. వర్కర్ పంపే ప్రతి జవాబులో, ప్రతి హార్ట్‌బీట్‌లో ఆ నంబర్ తిరిగి రావాలి. ఇంజిన్ దగ్గర ఇప్పుడు నడుస్తున్నది 2 అయితే, 1 అని వచ్చిన సక్సెస్ ఎంత అందంగా ఉన్నా చెత్తబుట్టలోకి. ఫలితం రాసేటప్పుడు "ఈ టాస్క్, ఈ ప్రయత్నం, స్థితి ఇంకా రన్నింగ్" అనే షరతుతో ఒకే అప్‌డేట్ చెయ్యండి. మారిన వరసల సంఖ్య 1 వస్తే మీ జవాబు చెల్లింది, 0 వస్తే ఎవరో ముందే వచ్చారు. ముందు చదివి తర్వాత రాయడం చెయ్యొద్దు, ఆ సందులో ఇంకొకడు దూరతాడు.

ఫైలు సంగతి: వర్కర్ చివరి పేరుతో ఎప్పుడూ రాయకూడదు. ఫైలు పేరులోనే ప్రయత్నం నంబర్ కలపండి. ఏ ఫైలు అసలుదో ఇంజిన్ తన డేటాబేస్‌లో రాసుకుంటుంది. ఓడిపోయిన వర్కర్ ఫైళ్లు అనాథల్లా పడి ఉంటాయి, వాటిని రోజుకోసారి ఊడ్చుకోవచ్చు.

పాత వర్కర్‌కి "ఆపు" అని మెసేజ్ పంపొచ్చు, మేమూ పంపుతాం. అది సీపీయూ ఆదా కోసమే. దాని మీద భరోసా పెట్టుకోకండి. నెట్‌వర్క్ తెగినవాడికి ఆ మెసేజ్ మాత్రం ఎలా చేరుతుంది?

సందేహాలరావు

మళ్లీ నేనే. కొన్ని క్యూల ప్రకటనల్లో ఖచ్చితంగా ఒక్కసారే చేరవేస్తాం అని ఉంటుంది. అలాంటిది తెచ్చుకుంటే ఈ ప్రయత్నం నంబర్లు అక్కర్లేదు కదా?

పాతకీబోర్డు

అలాంటి క్యూ ఉన్నా ఈ నంబర్లు కావాలండీ. నమ్మకపోతే ఆటలా ఆలోచించండి. వర్కర్ పని చేసి సక్సెస్ పంపింది, జవాబు రాలేదు. పని కాలేదా, లేక జవాబు దారిలో పోయిందా? బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనపడతాయి. జవాబు అందిందని ఇంకో జవాబు పంపితే, అది పోతే? ఇద్దరు సేనాధిపతుల సమస్య అని 1978లో జిమ్ గ్రే పేరు పెట్టింది దీనికే. పోయే అవకాశం ఉన్న దారిలో ఎన్ని ఉత్తరాలు నడిచినా ఇద్దరూ నిశ్చయంగా ఒక మాట మీదకి రాలేరు.

క్యూ తన గోడల లోపల డూప్లికేట్లు ఏరివేయగలదు, అది అబద్ధం కాదు. కానీ మీ వర్కర్ చేసే పని ఆ గోడల బయట ఉంది. ఫైలు రాయడం, ఈమెయిల్ పంపడం క్యూ చేతిలో లేవు. ఫైలుకి ప్రయత్నం నంబర్ సరిపోయింది. ఈమెయిల్‌కి సరిపోదు, ఒకసారి వెళ్లిందంటే వెళ్లిందే. అందుకే నేను అలాంటి పనులు వర్కర్‌కి అసలు ఇవ్వను. ఫలితం ఖరారయ్యాక ఇంజిన్ వైపునుంచి చేయిస్తాను, అవతలి సర్వీస్ ఒప్పుకుంటే, రెండుసార్లు అడిగినా ఒకటే అని గుర్తుపట్టేలా ఒకే కీతో. అప్పుడూ ఎప్పుడో ఒకసారి రెండు వెళ్తాయి. అసలు వెళ్లకపోవడం కన్నా నయమా కాదా అన్నది ఆ ఈమెయిల్‌లో ఏముందో చూసి చెప్పాలి.

మౌనసభ్యుడు

ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈసారి రాయాలనిపించింది. ఇప్పటిదాకా వర్కర్ పోవడం గురించే మాట్లాడారు. ఇంజిన్ పోతే?

మా దగ్గర జవాబుల క్యూ ఎక్స్‌క్లూజివ్‌గా పెట్టారు. అంటే ఆ కనెక్షన్ మూసుకుంటే క్యూ కూడా పోతుంది. ఇంజిన్‌ని ఒక నిమిషం రీస్టార్ట్ చేశాం. ఆ నిమిషంలో పూర్తయిన పనుల జవాబులు వెళ్లడానికి క్యూ లేదు. చేరాల్సిన చోటు లేని మెసేజ్‌ని రాబిట్‌ఎంక్యూ నిశ్శబ్దంగా పారేస్తుంది, మనం మాండేటరీ అని గుర్తు పెడితే తప్ప. వర్కర్ లాగ్‌లో "ఫలితం పంపాను" అని ఉంది. ఇంజిన్ లాగ్‌లో ఏమీ లేదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, మేం మాత్రం రెండు రోజులు వాళ్లని అనుమానించాం.

ఇప్పుడు జవాబుల క్యూకి స్థిరమైన పేరు, బ్రోకర్ రీస్టార్ట్ అయినా నిలిచేలా డ్యూరబుల్. మెసేజ్‌లు డిస్క్ మీద నిలిచేలా పర్సిస్టెంట్. మెసేజ్ అందిందని బ్రోకర్ ఇచ్చే పబ్లిషర్ కన్ఫర్మ్ వచ్చేవరకు వర్కర్ ఫలితాన్ని తన దగ్గర ఉంచుకుంటుంది. ఇదీ ఆక్ కథే, తిరగేసి.

కిటికీసీటు

అయ్యో, ఇది కూడా చూసుకోవాలా! రాసిపెట్టుకున్నాను.

లాగ్‌చదివేవాడు

అందరం మందులు రాస్తున్నాం గానీ రోగం ఎవరూ అడగలేదు. వారంలో నాలుగుసార్లు వర్కర్ ఎందుకు చస్తోంది? కోడ్‌లో క్రాష్ అయితే ఫెయిల్యూర్ అయినా వచ్చేది. మెమరీ అయిపోయి కెర్నెల్ చంపితే దాని లాగ్‌లో పడేది. మీరు కొత్త కోడ్ ఎప్పుడెప్పుడు పెట్టారో, ఆ నాలుగు సమయాలు పక్కన పెట్టి చూడు తమ్ముడూ.

కిటికీసీటు

అన్నా, నీ నోట్లో చక్కెర పొయ్యాలి. నాలుగుకి నాలుగూ డెప్లాయ్ సమయాలే.

కథ ఇది. కంటైనర్లని నడిపే కుబెర్నెటీస్, పాడ్‌ని (కంటైనర్ ఉండే గూడుని) ఆపేటప్పుడు ముందు సిగ్‌టర్మ్, అంటే "సర్దుకుని ఆగు" అనే సిగ్నల్, పంపుతుంది, 30 సెకన్లు ఆగుతుంది, అప్పటికీ పోకపోతే సిగ్‌కిల్‌తో చంపేస్తుంది. మా వర్కర్‌లో సిగ్‌టర్మ్ వస్తే మర్యాదగా సర్దుకునే కోడ్ ఉంది, రెండేళ్ల క్రితం రాసినదే. అది ఒక్కసారి కూడా నడవలేదు! కంటైనర్‌లో వర్కర్‌ని షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాం) ద్వారా మొదలుపెడుతున్నాం. మొదటి నంబర్ ప్రాసెస్ ఆ షెల్. సిగ్‌టర్మ్ దానికి చేరింది, అది పిల్ల ప్రాసెస్‌కి అందించదు. తనూ చావదు, ఎందుకంటే మొదటి నంబర్ ప్రాసెస్‌కి విడిగా హ్యాండ్లర్ రాయకపోతే కెర్నెల్ ఆ సిగ్నల్‌ని పట్టించుకోదు. 30 సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాత అందరికీ ఒకేసారి కిల్. కొండను తవ్వి ఎలుకను పట్టాను, ఎలుక పేరు ఎగ్జెక్. స్టార్ట్ లైన్లో ఆ ఒక్క మాట చేర్చాను, ఇక షెల్ తన చోటుని వర్కర్‌కే ఇచ్చేసి తప్పుకుంటుంది.

ఇప్పుడు సిగ్‌టర్మ్ రాగానే వర్కర్ కొత్త మెసేజ్‌లు తీసుకోవడం ఆపేసి, చేతిలో ఉన్న పనికి "వదిలేస్తున్నాను" అని ప్రయత్నం నంబర్‌తో సహా కబురు పంపుతుంది. కాపలా ప్రాసెస్ లీజు అయ్యేదాకా ఆగకుండా వెంటనే ఇంకొకరికి ఇప్పిస్తుంది. మూడుసార్లు కావాలని డెప్లాయ్ చేసి చూశాను, మూడుసార్లూ రెండు సెకన్లలోపే చేతులు మారింది.

క్యూలోనాలుగోవాడు

అంటే ఈ లీజులు, నంబర్లు ఏవీ అక్కర్లేకపోయినా సరిపోయేదన్నమాట :)

నిద్రలేనిరాత్రి

మెషీన్ కరెంటు పోతే సిగ్‌టర్మ్ ఎవరు పంపుతారు?

క్యూలోనాలుగోవాడు

సరే, ఒప్పుకున్నా.

కిటికీసీటు

లీజు తీయడం లేదు లెండి. ఒక్కటి మాత్రం మిగిలింది. రెండున్నర గంటలు అయిన పనిని డెప్లాయ్ కోసం వదిలేస్తే, కొత్త వర్కర్ మొదటినుంచి చేస్తోంది. గడువుని 30 సెకన్ల నుంచి 3 గంటలకి పెంచాలా? డెప్లాయ్ మూడు గంటలు సాగుతుంది మరి.

లాగ్‌చదివేవాడు

పెంచకు. పనే చిన్నది చెయ్యి. వీడియోని కీఫ్రేముల (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేముల) దగ్గర ముక్కలు చేసి, ఐదేసి నిమిషాల ముక్కకి ఒక టాస్క్. చివర్లో కలపడం ఇంకో టాస్క్. పోతే ఒక ముక్క పోతుంది. ఆరు వర్కర్లూ ఒకే వీడియో మీద పనిచేస్తాయి, ఈసారి కావాలనే. ఆడియోని మాత్రం ముక్కలు చెయ్యకు, విడిగా ఒకటే టాస్క్‌గా ఉంచు. లేకపోతే అతుకుల దగ్గర టక్కుటక్కుమంటుంది.

కిటికీసీటు

ఆడియో సంగతి నాకు తట్టేదే కాదు. శనివారం కూర్చుంటాను, అతుకు దగ్గర టక్కుమంటే మళ్లీ ఇక్కడే కనపడతాను.